హైదరాబాదు కుక్కలు చెప్పని సంగతి

మందు – మనిషి: ధారావాహిక, తొమ్మిదో భాగం

1889 డిసెంబరులో హైదరాబాదు నుంచి లండన్‌లోని ‘లాన్సెట్’ వైద్య పత్రికకి ఒక టెలిగ్రాం వెళ్ళింది. పంపినవాడు డాక్టర్ లాడర్ బ్రంటన్. మాటకింత అని డబ్బు కట్టే రోజులు కాబట్టి అన్నీ పొడి పొడి ముక్కలే. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి 490 వాడాం. రక్తపోటు కొలిచే పరికరంతో చేసినవి 120. రికార్డులన్నీ ఫొటోలు తీశాం. క్లోరోఫాంతో ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం, మోతాదు మించడం. గుండెకి నేరుగా వచ్చే ముప్పు బొత్తిగా లేదు. ఇదీ దాని సారాంశం.

ఆ ఆఖరి ముక్క తప్పు. అది తప్పని గట్టిగా తేలడానికి ఇంకో 22 ఏళ్ళు పట్టింది.

కొత్త మందుని మనిషికి ఇవ్వబోయే ముందు జంతువుకి ఇచ్చి చూడటం ఇటీవలి దాకా చట్టం. హైదరాబాదు చుట్టుపక్కల ఆ పని మీదే బతికే ల్యాబులున్నాయి. ఇంత పెద్ద ఎత్తున, ఒక రాజు ఖజానా డబ్బుతో, ఒక మందు విషమెంతో జంతువుల మీద తేల్చుకుందామని మన నేల మీద జరిగిన తొలి ప్రయత్నం మాత్రం ఈ హైదరాబాదు క్లోరోఫాం కమిషనే. కాకపోతే ఇక్కడ వరస తిరగబడింది. మనుషులకి అప్పటికే 40 ఏళ్ళుగా ఇస్తున్నారు. మనుషుల మీద తెగని తగాదాని కుక్కల మీద తెంచుకుందామనుకున్నారు.

తగాదా ఏమిటంటే, 1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గర పల్లెలో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోడానికి కూర్చుని, క్లోరోఫాం పీల్చిన రెండు మూడు నిమిషాల్లో చనిపోయింది. ఎక్కువ పీల్చిందీ లేదు. భయపడిపోయి ఉన్న పిల్ల. ఈ ‘భయపడిపోయి’ అన్న మాటతో తర్వాత పనుంది.

ఆ పిల్ల ఎందుకు పోయింది? గుండె ఆగిపోయిందని లండన్ వాళ్ళన్నారు. నాడి పట్టుకుని చూస్తూ ఇవ్వాలన్నది వాళ్ళ పద్ధతి. ఎడింబరోలో సైమ్ అనే పెద్ద సర్జను శిష్యులు దీన్ని ఒప్పుకోలేదు. ముందు ఆగేది ఊపిరి, ఊపిరి చూసుకుంటే చాలు, నాడి జోలికి పోతే దృష్టి చెదిరి మనిషి చస్తాడన్నారు. రెండు పక్కలా ఉద్దండులే. 1880 ప్రాంతాల్లో గ్లాస్గో కమిటీ ప్రయోగాలు చేసి గుండె మీద దెబ్బ ఉందని తేల్చింది. ఎడింబరో వాళ్ళు ఒప్పుకుంటారా?

ఆ ఎడింబరో శిష్యుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాదుకి రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. హైదరాబాదు మెడికల్ స్కూలుకి ప్రిన్సిపాలు కూడా ఆయనే. మనిషి గట్టివాడు, పట్టుదల మరీ గట్టిది. మలేరియా క్రిమి అనేదే లేదని వాదించినవాడు కూడా ఈయనే. అదే ఊళ్ళో, సికింద్రాబాదు బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో దాన్ని పట్టుకున్నాడని గుర్తు చేసుకుంటే లారీ తత్వం అర్థమవుతుంది. నమ్మిందాన్ని వదలడు. అయితే పిల్లలకి పాఠం చెప్పడంలో, ఆడపిల్లల్ని చదువులోకి తేవడంలో ఆయనకి వంక పెట్టలేం. ఆయన వచ్చిన ఏడే ఐదుగురు ఆడపిల్లలు ఆ స్కూల్లో చేరారు.

1888లో మొదటి కమిషన్ కూర్చుంది. పాట్రిక్ హెహిర్ ఆధ్వర్యంలో నూటికి పైగా ఊరకుక్కలకి క్లోరోఫాం ఇచ్చారు. అన్నిట్లోనూ ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె. 1889 జనవరిలో డ్యూక్ ఆఫ్ కనాట్ దంపతులు హైదరాబాదు వచ్చినప్పుడు మెడికల్ స్కూలు బహుమతుల సభలో లారీ ఈ సంగతి చాటి చెప్పాడు. తను ఇప్పటిదాకా 40, 50 వేల సార్లు క్లోరోఫాం ఇప్పించాననీ, ఒక్క ప్రాణమూ పోలేదనీ అన్నాడు. ఆ ఉపన్యాసం ‘లాన్సెట్’కి చేరింది. వాళ్ళు నమ్మలేదు, ఆ మాట రాశారు కూడా. మిగతా లోకంలో మూడు వేల మందికి ఒకరు చొప్పున పోతుంటే హైదరాబాదులో ఒక్కరూ పోలేదంటే ఎలా?

అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ – వయసు 23 ఏళ్ళు – వెయ్యి పౌన్లిస్తాను, మీ మనిషినే పంపండి, వచ్చి కళ్ళారా చూసుకోమనండి అన్నాడు. అస్మాన్ జా ప్రధానిగా ఉన్న రోజులవి. ఆ రోజుల్లో వెయ్యి పౌన్లంటే చిన్న మొత్తం కాదు. ‘లాన్సెట్’ బ్రంటన్‌ని ఎంచుకుంది. గుండె నొప్పికి అమైల్ నైట్రైట్ పనికొస్తుందని 1867లో లోకానికి చెప్పిన పెద్ద మందుల శాస్త్రవేత్త. పైగా క్లోరోఫాం గుండెని ఆపుతుందని నమ్మే పక్షం. అంటే ఎదుటి పక్షం మనిషినే న్యాయమూర్తిగా పిలిపించారు. ఇందులో లారీ నిజాయితీని మెచ్చుకోవాలి.

1889 అక్టోబరు చివర్లో పని మొదలైంది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, సర్జన్ మేజర్ బామ్‌ఫర్డ్, డాక్టర్ రుస్తంజీ సభ్యులు. ఒక్క ప్రయోగం దగ్గరికెళ్ళి చూద్దాం. కుక్కని బల్ల మీద కట్టేస్తారు. మెడలోని ధమనిలోకి సన్నని గొట్టం పెట్టి పాదరసం గొట్టానికి కలుపుతారు. పాదరసం మీద తేలే ములుకు, మెల్లగా తిరిగే డోలు మీదున్న పొగ పట్టించిన కాగితాన్ని గీరుతుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా నల్ల కాగితం మీద తెల్ల గీత ఒకసారి లేచి పడుతుంది. మూతికి క్లోరోఫాం గుడ్డ పెడతారు. గీత మెల్లగా దిగడం మొదలవుతుంది. పొట్ట లేచి పడటం ఆగిన క్షణాన ఒకరు కేక వేస్తారు, కాగితం మీద గుర్తు పెడతారు. గీత ఇంకా కదులుతూనే ఉంటుంది. అంటే ఊపిరి ఆగాక కూడా గుండె ఆడుతూనే ఉంది. ఇలా వందల కాగితాలు. ఒక్కదాంట్లోనూ గుండె ముందు ఆగలేదు. బ్రంటన్ పాత నమ్మకం వదిలేసి టెలిగ్రాం కొట్టాడు. 1890లో ‘లాన్సెట్’ నివేదిక అచ్చేసింది. హైదరాబాదు పేరు లండన్ ఆసుపత్రుల్లో మార్మోగింది.

లారీ వచ్చిన ఏడు మెడికల్ స్కూల్లో చేరిన ఆ ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ అదే 1889లో హకీం పట్టా పుచ్చుకుంది. పార్సీ అమ్మాయి. రెసిడెన్సీ ఆసుపత్రిలో (ఇప్పటి సుల్తాన్ బజార్), అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో (ఇప్పటి ఉస్మానియా) క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా చేసుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకొచ్చింది. కమిషన్ నివేదిక పాతకాగితాల్లో కలిసింది గానీ, పేషెంటు మొహం మీద నుంచి కన్ను తీయకుండా ఊపిరి లెక్కపెట్టే అలవాటు హైదరాబాదు నేర్పింది. ఆ అలవాటు వల్ల బతికినవాళ్ళు ఉండే ఉంటారు. తప్పు సిద్ధాంతం నుంచి మంచి అలవాటు పుట్టిన సందర్భాల్లో ఇదొకటి.

ఇక సిద్ధాంతం సంగతి. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు, ఒక జంతువు రక్తం ఇంకో జంతువు మెదడుకి పోయేలా కలిపి, క్లోరోఫాం మెదడుకి ఒక్కదానికే ఇచ్చి చూశారు. రక్తపోటు పడటానికి కారణం మెదడు కాదు, గుండె మీద మందు నేరుగా చేసే పనేనని వాళ్ళ తీర్పు. 1894లో లెనార్డ్ గత్రీ ‘లాన్సెట్’లోనే ఇంకో సంగతి రాశాడు. ఆపరేషన్ అయి, లేచి కూర్చున్న పిల్లలు కొందరు రోజుల తర్వాత వాంతులతో చనిపోతున్నారు. కాలేయం దెబ్బతిన్నది. హైదరాబాదులో చూసింది నిమిషాలు. ఈ చావు రోజుల తర్వాత వచ్చేది. డోలు మీద కాగితం అంత పొడుగు లేదు.

అసలు దెబ్బ 1911లో పడింది. గుడ్‌మన్ లెవీ పిల్లులకి క్లోరోఫాం కొద్దిగా, చాలా కొద్దిగా ఇచ్చాడు. ఆ స్థితిలో కాస్త అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె కింది గదులు ఒక్కసారిగా గిలగిలలాడి ఆగిపోయాయి. ఊపిరి అప్పటికింకా నడుస్తూనే ఉంది. భయపడిన మనిషి ఒంట్లో అడ్రినలిన్ దానంతటదే పొంగుతుంది. హానా గ్రీనర్ భయపడిపోయి ఉంది, పీల్చింది కొద్దిగానే. 63 ఏళ్ళ తర్వాత ఆ పిల్ల చావుకి కారణం పిల్లుల మీద దొరికింది. ఎక్కువ మోతాదు చంపుతుందని అందరూ కాచుకుని కూర్చుంటే, చంపింది తక్కువ మోతాదు.

లారీని తిట్టడం తేలిక. అడ్రినలిన్‌ని విడదీసింది 1901లో. గుండె విద్యుత్తుని గీసి చూపే ఈసీజీ యంత్రం వచ్చింది కూడా ఆ తర్వాతే. గుండె ఇలా గిలగిలలాడి ఆగి మనుషులు హఠాత్తుగా చనిపోతారని అబర్డీన్‌లో మెక్‌విలియం అనే శాస్త్రవేత్త రాసింది సరిగ్గా 1889లోనే, కానీ పట్టించుకున్నవాళ్ళు తక్కువ. లేని పనిముట్టుతో లారీ ఎలా చూస్తాడు? నాకు తప్పుగా తోచేది వేరే ఉంది. అది లెక్క.

మూడు వేల మందిలో ఒకరికి వచ్చే చావుని పట్టుకోవాలంటే ఎన్ని జంతువులు కావాలి? గణాంకాల వాళ్ళ దగ్గర దీనికో మోటు సూత్రం ఉంది. ఒక్కటైనా కనబడుతుందని నూటికి 95 పాళ్ళు ధీమాగా ఉండాలంటే మూడింతలు చూడాలి, అంటే తొమ్మిది వేలు. కుక్క గుండె అచ్చం మనిషి గుండెలాగే ప్రవర్తించినా సరే, 490 జంతువుల్లో ఆ చావు కనబడకపోవడంలో వింతేమీ లేదు. కనబడలేదు కాబట్టి లేదు అన్నారు. ‘బొత్తిగా లేదు’ అని టెలిగ్రాం కొట్టారు. ఆ ‘బొత్తిగా’ అన్నదానికి ఆధారం లేదు.

ఈ లెక్క ఇవాళ్టికీ మారలేదు. మధ్యలో చట్టాలు వచ్చాయి. 1937లో అమెరికాలో జంతువుకి కూడా ఇచ్చి చూడకుండా సల్ఫనిలమైడ్‌ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపి టానిక్కుగా అమ్మితే వంద మందికి పైగా పోయారు. మరుసటి ఏడు, 1938లో, ముందు భద్రత చూపిస్తేనే అమ్మకం అన్న చట్టం వచ్చింది. థాలిడమైడ్ అనే మందు ఎలుకలకి దాదాపు ఏమీ చేయకుండా, కడుపుతో ఉన్న ఆడవాళ్ళ బిడ్డల చేతులూ కాళ్ళూ తినేసింది. 2006లో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో టీజీఎన్1412 అనే మందుని ఆరుగురు ఆరోగ్యవంతులకి ఎక్కించారు. కోతులు తట్టుకున్న మోతాదులో 500వ వంతు. గంటల్లో ఆరుగురూ ఇంటెన్సివ్ కేర్‌లో పడ్డారు. ఇవన్నీ విడివిడిగా ఒక్కో భాగానికి సరిపడే కథలు. ఇప్పుడు మాత్రం నెల్లూరు సముద్రపు ఒడ్డుకి పోవాలి. కనబడని విషం లెక్క ఎంత దూరం వస్తుందో అక్కడ తెలుస్తుంది.

జువ్వలదిన్నె బోగోలు మండలంలో ఉంది, బిట్రగుంట స్టేషనుకి తూర్పున, సముద్రాన్ని ఆనుకుని. ఈమధ్య ఫిషింగ్ హార్బర్ వల్ల పేపర్లకెక్కింది. వేటకి పోయేవాళ్ళ ఊరు. అక్కణ్ణించి అటూ ఇటూ పోతే నెల్లూరు తీరం పొడుగునా రొయ్యల గుంటలు. 1980ల చివర్లో టైగర్ రొయ్యతో మొదలై, 1990ల మధ్యలో వైట్ స్పాట్ తెగులుతో చితికిపోయి, 2009 తర్వాత వనామితో మళ్ళీ లేచిన సాగు. ఏరియేటర్ల చప్పుడు రాత్రంతా వినపడుతుంది.

ఆ గుంటల దగ్గర లీజుకి సాగు చేసే ఒకాయన ఒకసారి నన్నడిగాడు. “ఏంది సార్, మనిషికి టైఫాయిడ్‌కి ఇచ్చే మందే గదా ఆ క్లోరాంఫెనికాల్! రొయ్యలో నలుసంత ఉంటే ఏమవద్దంట? లోడంతా ఎనక్కి పంపిచ్చేస్తారంట!”

ప్రశ్న న్యాయమైంది. క్లోరాంఫెనికాల్ చరిత్ర చూస్తే ఆయన కోపం ఇంకా పెరుగుతుంది. 1947లో వెనిజువెలాలో కారకాస్ దగ్గరి మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవిలో అది దొరికింది. పార్క్ డేవిస్ కంపెనీ 1949లో క్లోరోమైసిటిన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. 1948లో కౌలాలంపూర్‌లో స్మాడెల్, వుడ్‌వర్డ్ అనే అమెరికన్ డాక్టర్లు స్క్రబ్ టైఫస్ అనుకుని ఇస్తే, అందులో టైఫాయిడ్ పేషెంట్లు కూడా ఉన్నారు, వాళ్ళూ కోలుకున్నారు. అలా అనుకోకుండా టైఫాయిడ్‌కి తొలి మందు దొరికింది. దానికి పోటీగా అదే కాలంలో బజారుకొచ్చిన ఆరియోమైసిన్, మన భీమవరం సుబ్బారావు – యల్లాప్రగడ సుబ్బారావు – పరిశోధన నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. మన ఇళ్ళల్లో టైఫాయిడ్ జ్వరం అంటే క్లోరోమైసిటిన్, కళ్ళకలక అంటే క్లోరోమైసిటిన్ ఆప్లికాప్స్ అన్న తరం ఇంకా ఉంది.

1952 నాటికి అమెరికాలో పెద్ద అలజడి. ఈ మందు వాడిన కొందరికి ఎముకల్లోని మూలుగ ఎండిపోతోంది. రక్తం తయారుకావడం ఆగిపోతుంది. ఎప్లాస్టిక్ ఎనీమియా అంటారు. వచ్చిందంటే ఆనాడు చావే. ఎంత మందికి? తర్వాత వేసిన అంచనాల్లో సుమారు 25 వేల నుంచి 40 వేల మందికి ఒకరు. మందు మానేసిన వారాలకి, నెలలకి కూడా రావచ్చు. ఎవరికి వస్తుందో ముందు చెప్పలేరు. ఎక్కువ వాడితే వస్తుంది, తక్కువ వాడితే రాదు అని కూడా చెప్పలేరు. మోతాదుతో పెరిగి, ఆపితే తగ్గిపోయే రక్తలేమి ఇంకోటుంది, అది వేరే. ఈ తిరిగిరాని రకం మాత్రం ఏ జంతువులోనూ నమ్మకంగా కనబడలేదు. ఎలుక చెప్పలేదు, కుక్కా చెప్పలేదు.

ఇందాకటి మోటు సూత్రం ఇక్కడ వేసి చూడండి. 30 వేలకి ఒకటి అనుకుంటే 90 వేల జంతువులు కావాలి. అదీ జంతువుకి ఆ జబ్బు వచ్చే వీలుంటే. మనుషుల మీద జరిపే ట్రయల్స్‌లో కూడా సాధారణంగా కొన్ని వేల మందే ఉంటారు. అంటే ఈ విషాన్ని అమ్మకానికి ముందు పట్టుకునే పరీక్ష 1949లోనూ లేదు, ఇప్పుడూ లేదు. మందు బజార్లోకి వచ్చి లక్షల మంది మింగాకే అది బయటపడుతుంది.

ఇప్పుడు రొయ్య దగ్గరికొద్దాం. ఏ మందు అవశేషానికైనా రోజుకి ఇంత తిన్నా ఫరవాలేదు అని ఒక హద్దు గీస్తారు. జంతువుల్లో హాని చేయని మోతాదు చూసి, దాన్ని వందో వంతో ఇంకా తక్కువో చేసి ఆ హద్దు తేలుస్తారు. క్లోరాంఫెనికాల్‌కి ఆ లెక్క వేయడానికి మొదటి మెట్టే లేదు. హాని చేయని మోతాదు ఏదో తెలియదు. అందుకే అంతర్జాతీయ నిపుణుల సంఘాలు దానికి హద్దే గీయలేదు. హద్దు లేనప్పుడు మిగిలింది ఒక్కటే, అసలుండకూడదు అనడం. టైఫాయిడ్‌తో చావబోయేవాడికి 30 వేలకి ఒక ముప్పు లెక్కలోది కాదు, బతుకు దక్కుతుంది. రాత్రి భోజనానికి రొయ్యల వేపుడు తినేవాడికి ఆ ముప్పు ఎందుకు? ఆ లీజు రైతుకి నేను చెప్పిన జవాబు ఇదే. ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపాడు గానీ, “నేను వెయ్యకపోయినా పక్కన గుంటోడు వేస్తే?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మనుషులు తినే జంతువులకి ఈ మందు వాడకూడదని యూరప్ దేశాలు 1994లోనే నిషేధించాయి. 2001, 2002 ప్రాంతాల్లో ఆసియా రొయ్యల్లో అది దొరకడంతో గొడవ మొదలైంది. మన హ్యాచరీల్లోనూ గుంటల్లోనూ విబ్రియో సూక్ష్మజీవులకి విరుగుడుగా కొందరు వాడిన మాట నిజం. 2003లో యూరప్ వాళ్ళు ల్యాబుల పరికరాలు కచ్చితంగా పట్టుకోవాల్సిన కనీస పరిమాణం కిలోకి 0.3 మైక్రోగ్రాములని పెట్టారు. 2022 నవంబరు చివరి నుంచి అది సగానికి, 0.15కి దిగింది. 0.3 అంటే ఎంతో తెలియాలంటే ఈ లెక్క చాలు. మెడికల్ షాపులో దొరికే 250 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒక్కటి విప్పి 830 టన్నుల రొయ్యల్లో సమంగా కలిపితే కిలోకి 0.3 వస్తుంది. ఇరవై టన్నుల కంటైనర్లయితే నలభైకి పైనే. 2016లో మన సాగు రొయ్యల మీద నమ్మకం తగ్గి, యూరప్ రేవుల్లో పదింటికి ఒకటి చొప్పున చేసే తనిఖీని రెండింటికి ఒకటి చేశారు.

పట్టుబడికి ముందు గుంటలోంచి కొద్దిగా రొయ్య తీసి, ఐసు పెట్టెలో పెట్టి, నంబరు రాసి ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబుకి పంపుతారు. తల తీసి, కండ ముద్ద చేసి, అందులోని సారం లాగి, అరచేతంత ప్లాస్టిక్ పలకలోని 96 చిన్న గుంటల్లో పోస్తారు. ఎలైసా పరీక్ష. ఇందులో ఒక తిరకాసుంది. రంగు బాగా వచ్చిందంటే రొయ్య శుభ్రం. రంగు పాలిపోయిందంటే మందు ఉన్నట్టు. మందు ఎక్కువైనకొద్దీ రంగు తగ్గుతుంది. అనుమానం వస్తే ఇంకా ఖరీదైన యంత్రం మీద మళ్ళీ చూస్తారు. కాగితం చేతికొస్తేనే కంపెనీ వాళ్ళు రొయ్య ఎత్తుతారు. ఈలోగా రేటు పడిపోతే, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) మారితే, నష్టం రైతుది. హ్యాచరీలో పిల్ల కొన్నప్పుడే ఎవరో ఏదో కలిపిన పాపానికి ఆఖర్న రైతు సంచి ఖాళీ అవుతుంది. ఈ వ్యవస్థలో పరీక్ష బాధ్యతంతా గుంట గట్టు మీద పడేయడం నాకు న్యాయంగా కనబడదు. మందు షాపులోనూ, మేత షాపులోనూ మొదలవ్వాల్సిన తనిఖీ అది. తినే జంతువుల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకానికి కేంద్ర ఆరోగ్యశాఖ అమ్మకం దశలోనే అడ్డుకట్ట వేసింది 2025లో. తీరప్రాంత సాగు అథారిటీ నిషేధించిన 20 మందుల జాబితా అంతకుముందు నుంచే ఉంది.

ముందుగా విషం కనిపెట్టే పనిలో జంతువుని పక్కన పెట్టొచ్చా అన్నది ఇప్పటి చర్చ. 2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చి, కొత్త మందుకి జంతు పరీక్ష తప్పనిసరి అన్న మాట తీసేసింది. 2023 మార్చిలో మన దేశం కూడా కొత్త మందుల నిబంధనలు సవరించి, మనిషి కణాలతో చేసిన నమూనాలు, చిప్పులు, కంప్యూటర్ లెక్కలు కూడా ఒప్పుకోదగ్గ సాక్ష్యమేనంది. హైదరాబాదులోనే, సీసీఎంబీ పరిశోధన సంస్థకి చెందిన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్లో, ఈ పని కోసం ఒక కేంద్రం పెట్టారు. 1889లో బల్ల మీద కుక్కని కట్టేసిన ఊరు ఇప్పుడు చిప్పు మీద మనిషి కాలేయ కణాలు పెంచే దారి వెతుకుతోంది.

ఈ చిప్పుల మీద నాకు ఆశ ఉంది. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 27 మందుల్ని 870 కాలేయ చిప్పుల మీద చూస్తే, మనుషుల కాలేయాన్ని దెబ్బతీసిన మందుల్లో నూటికి 87 పాళ్ళు అవి పట్టుకున్నాయి. జంతువుల్లో గట్టెక్కి మనుషుల్లో దెబ్బకొట్టిన మందులవి. చిన్న సంగతి కాదు. అయితే 870 అన్న అంకెని ఇందాకటి 90 వేల పక్కన పెట్టి చూడండి. చిప్పు కొందరు దాతల కణాలతో తయారవుతుంది. 30 వేల మందిలో ఒకడి మూలుగలో ఉన్న తేడా ఆ కణాల్లో లేకపోతే చిప్పు కూడా లారీ కుక్కలాగే ఏమీ చెప్పదు. కంప్యూటర్ అయినా అంతే, దానికి నేర్పిన పాత రికార్డుల్లో ఉన్నదే అది చెప్పగలదు. అందుకని మందు అమ్మకంలోకి వచ్చాక దాని దుష్ఫలితాలు రాసి పంపే పని ఏ కొత్త పరికరం వచ్చినా తప్పదు. మన దేశంలో ఆ పని చూసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. డాక్టరే కాదు, మందు మింగిన మనిషి కూడా దానికి నేరుగా తెలియజేయొచ్చు. చాలా మందికి ఈ సంగతి తెలియదు.

వచ్చే భాగంలో యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చిన అమినోప్టెరిన్ గురించి. అది విషమని తెలిసే పిల్లలకి ఇచ్చిన మందు, ఎందుకు ఇచ్చారో చెప్పాలి. ఈలోగా ఒక మనవి. పాత హైదరాబాదు మెడికల్ స్కూలు పట్టాలు, లారీ కాలం నాటి ఫొటోలు, రోగుల రిజిస్టర్లు మీ ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల అడుగున ఉంటే పారేయకండి. పత్రిక చిరునామాకి ఒక ముక్క రాయండి, నకలు తీసుకుని భద్రంగా తిరిగి పంపుతాం.